పైనుంచి వచ్చే దెబ్బ

కంటి ఆసుపత్రి,
మెట్ల కింద గది.

జైలమ్మా,

ఫోన్లో అయితే మూడో మాటకి నువ్వు అరుస్తావు, నాలుగో మాటకి నేను పెట్టేస్తాను. అందుకే కాగితం అందుకున్నాను. దీని మీద నా మాటకి అడ్డం రాలేవు. చింపి పారేస్తే పారెయ్యి, చదివాక మాత్రమే.

పోయిన నెల నువ్వు మమ్మల్ని చూడ్డానికి వచ్చినప్పుడు నీ కళ్ళలో ప్రెషర్ కొలిచాను గుర్తుందా? ఇరవై ఒకటి దాటకూడనిది రెండు కళ్ళలోనూ ఇరవై ఎనిమిది ఉంది. మా డాక్టరమ్మ చుక్కల మందు రాసిచ్చి, లైట్ల పరీక్షకి కూర్చోమంది. నువ్వు బస్సు టైమైందంటూ సంచీ భుజాన వేసుకుని పారిపోయావు. ఖైదీలు పారిపోకుండా కాపలా కాసే వార్డరువి. నీ పరుగు చూసి మా వాచ్‌మన్ ఒకటే నవ్వు.

నవ్వింది చాలు. కంటిలో ప్రెషర్ పెరిగిన వాళ్ళందరికీ నీటికాసుల జబ్బు రాదు. కొందరికి ఏళ్ళ తరబడి ఏమీ కాదు. కానీ నీ తోడబుట్టినవాడికి వచ్చింది, నీ వెంటపడడానికి నాకు అది చాలు. ఆ జబ్బు నొప్పి పెట్టదు, కన్ను ఎర్రబడదు, నీరు కారదు. చూపుని అంచుల నుంచి కొరుక్కుంటూ వస్తుంది. ఎదురుగా ఉన్నది శుభ్రంగా కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి మనిషికి అనుమానం రాదు. తెలిసేసరికి సగం పోయి ఉంటుంది. పోయింది తిరిగి రాదు. ముందే పట్టుకుంటే మాత్రం ఉన్నదాన్ని నిలబెట్టుకోవచ్చు.

మీ అన్నయ్యకి ఎలా తెలిసిందో నీకు చెప్పాలా? బస్సు మలుపు తిప్పుతుంటే పక్కనుంచి రోడ్డు మీదకి దిగిన మనిషి కనిపించలేదు. ఆ మనిషి కాలు చక్రం కింద నలిగిపోయింది. తాగి నడిపాడని జనం ఆయన్ని సీట్లోంచి ఈడ్చి రోడ్డు మీద పడేసి తన్నారు. ఆయన తాగలేదు, ఆయనకి కనిపించలేదంతే. రోజూ ఊళ్ళోవాళ్ళ కళ్ళన్నీ కొలిచేదాన్ని, ఇంట్లో మనిషిని ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చోబెట్టలేకపోయాను. "నాకేంటే, డేగ కళ్ళు" అనేవాడు. నువ్వూ అదే మాట అంటావు, అదే గొంతుతో.

మీ దగ్గర పెద్దాసుపత్రి ఉంది కదా. వెళ్ళి లైట్ల పరీక్ష చేయించుకో. మందు మానకు.

అక్షరాలు వంకరగా ఉంటే తిట్టకు. నీళ్ళ గదిలో జారిపడ్డాను, మణికట్టు బెణికింది.

మీ వదిన

*

జైలు క్వార్టర్స్,
చివరి గది.

వదినా,

నీ ఉత్తరం ఖైదీల ఉత్తరాల్లో కలిసిపోయింది. గేటు దగ్గర విప్పి, చదివి, ముద్ర వేసి మరీ నా చేతికిచ్చారు. నా కళ్ళ సంగతి ఇప్పుడు బ్యారక్ మొత్తానికి తెలుసు. సంతోషమా?

నువ్వు ప్రెషర్ అంటావు. పోయిన వారం అన్నాల దగ్గర ఇద్దరు ఖైదీలు కొట్టుకున్నారు. ఒకతి రేకు పళ్ళెం అంచుని గోడకి రాసి రాసి పదును పెట్టి ఉంచుకుంది. దాంతో రెండోదాని చెంప చెవి దాకా చీరేసింది. లోపలి పళ్ళు బయటికి కనిపించాయి. నేను మధ్యలో దూరి పళ్ళెందాన్ని మెడ పట్టి నేలకేసి నొక్కాను. అది నా చెయ్యి కొరికి పట్టుకుని కుక్కలా వదల్లేదు. లాఠీ పిడితో దాని దవడ మీద పొడిస్తే గానీ ఊడలేదు. "నిన్ను చంపే పోతానే" అంది, రక్తం ఉమ్ముతూ. ఎవరి రక్తమో తెలియని చొక్కా ఉతుక్కుంటూ ఉంటే నీ కబురొచ్చింది, నా కళ్ళలో ప్రెషర్ ఉందని. ఉండదా మరి!

సరే, నీ పోరు పడలేక వెళ్ళాను. గిన్నె లాంటి మిషన్లో గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, మధ్యలో ఉన్న చుక్కనే చూడమంది అక్కడి పిల్ల. చుట్టూ ఎక్కడ లైటు మెరిసినా మీట నొక్కాలట. అంతే చెప్పి, ఫోన్లో తల దూర్చుకుంది. పరీక్షించడానికి వాళ్ళకి నేనే దొరికానా? మా ఉద్యోగంలో మొదటి రోజు చెప్పే మాటే అది. చూపు ఒక్కచోట నిలబెట్టావో, పక్కనుంచి పొడుస్తారు. నేను ఎవరితో మాట్లాడుతున్నా నా కళ్ళు గదంతా తిరుగుతూనే ఉంటాయి. ఆ గిన్నెలో లైట్లు నక్కిన దొంగల్లా ఒక్కో మూల తలెత్తాయి. పైన, కింద, పక్కల గాలించి అన్నిటినీ పట్టుకున్నాను. ఒక్కటి తప్పించుకుంటే ఒట్టు! ఎక్కడా నల్లమచ్చ లేకుండా కాగితం తెల్లగా వచ్చింది. డాక్టరు దాన్ని చూసి "మీకేం భయం లేదమ్మా" అన్నాడు. కళ్ళు మండించే నీ చుక్కల సీసా ఆ రోజే చెత్తబుట్టలో పడేశాను.

నీళ్ళ గదిలో జారడమేంటి, కొత్త పెళ్ళికూతురిలా ఆ పరధ్యానం ఏంటి? అన్నయ్య చెయ్యి పట్టుకుని నడువు. వాడు ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు? చెల్లెలు గుర్తుందా అని అడిగానని చెప్పు.

నీ ఆడపడుచు

*

కంటి ఆసుపత్రి,
మెట్ల కింద గది.

జైలమ్మా,

నీ ఉత్తరం చదివి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నువ్వు దగ్గరుంటే నీ తల ఆ గిన్నెకేసే బాదేదాన్ని.

అది దొంగల్ని పట్టే పరీక్ష కాదే. చూపు కదలకుండా నిలబెట్టినప్పుడు, ఏ మూల మెరిసిన లైటు నీకు తెలియకుండా పోతోందో కనిపెట్టే పరీక్ష. నువ్వేం చేశావు? కళ్ళు తిప్పి ఆ మూలకే వెళ్ళి చూసొచ్చావు. చచ్చిన చోటుని బతికున్న చోటుతో కప్పేశావు. ఆ తెల్ల కాగితం నీ కళ్ళది కాదు, నీ ఉద్యోగానిది. ఇన్నేళ్ళలో ఇంత ఘనంగా మిషన్ని మోసం చేసిన మనిషిని నేను చూడలేదు.

ఫోన్లో తల దూర్చిన ఆ పిల్లకి నాలుగు తగిలించాలి. నీ కన్ను కదులుతోందా లేదా అని తెర మీద చూస్తూ ఉండడమే ఆమె పని. ఆ కాగితం పైన ఒక మూల "నమ్మదగ్గది కాదు" అని మిషనే రాసి ఉంటుంది. మీ డాక్టరు అదీ చదవలేదు.

నాకు భయం వేసేది ఇంకొకటి. నువ్వు రోజంతా ఇలాగే కళ్ళు తిప్పుతూ బతుకుతున్నావు. లోపల ఏదైనా పోయి ఉంటే నీకు ఎప్పటికీ తెలియదు. మీ అన్నయ్య కూడా అద్దాల్లో చూసుకుంటూ, తల తిప్పుకుంటూ ఎన్నేళ్ళు నెట్టుకొచ్చాడో ఎవరికి తెలుసు.

సెలవు పెట్టి ఇక్కడికి రా. నేను దగ్గరుండి పరీక్ష చేస్తాను, మా డాక్టరమ్మ కంటి నరం ఫొటో తీస్తుంది. ఈలోగా మందు కొత్త సీసా కొను. మండుతుంది, మండనీ.

మీ అన్నయ్య ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదాంట్లో తాళం కన్నంలోంచి చూసినంత మిగిలింది. పొద్దంతా కిటికీ దగ్గర కూర్చుని, బయట ఏమీ కనిపించడం లేదని గోడని గుద్దుతాడు. నువ్వు ఫోన్ చెయ్యకు, నాకూ సరిగ్గా వినబడడం లేదు. బీరువా తలుపు తగిలి ఎడమ చెవి వాచింది, లోపల ఒకటే హోరు.

మీ వదిన

*

పెద్దాసుపత్రి,
ఎముకల వార్డు.

వదినా,

నువ్వు గెలిచావు. ఎడమ భుజం విరిగింది. కుడిచేత్తో రాస్తున్నాను.

బ్యారక్ ముందు వాకిట్లో నడుస్తున్నాను. పక్కన మా పెద్ద వార్డరమ్మ. పై అంతస్తు కటకటాల మీదుగా ఆ రోజు పళ్ళెంతో చెంప చీరినది ఇనప బకెట్టు నిండా నీళ్ళు పోసి కిందకి తోసింది. పెద్దావిడ "పైన!" అని అరిచి పక్కకి దూకింది. ఆవిడకి కనిపించింది. నేను కుడివైపు చూశాను, ఎడమవైపు చూశాను. ఎవరూ లేరు. పైన నాకసలు ఏమీ లేదు వదినా, మబ్బు పట్టినట్టు కూడా లేదు. ఎముక విరిగిన శబ్దం నా చెవులతో విన్నాను. జానెడు ఇటు నడిచి ఉంటే నెత్తి కొబ్బరికాయలా పగిలేది.

పక్కల నుంచి వచ్చే దెబ్బ కోసం ఇన్నేళ్ళు కాపలా కాశాను. అది పైనుంచి వచ్చింది.

తర్వాత జరిగింది ఎవరు చదివినా చదవనీ. మావాళ్ళు దాన్ని జుట్టు పట్టి మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చారు. తల ఒక్కో మెట్టుకీ కొట్టుకుంది. నేల మీద పడి ఉన్న నేను "వదలద్దు, చావగొట్టండి" అని అరిచాను. బూట్లతో తన్నారు. అది ముడుచుకుపోయి పొట్ట కాపాడుకుంటుంటే మొహం మీద తన్నారు. ముందు పళ్ళు ఊడి నా పక్కనే నీళ్ళలో పడ్డాయి.

జైలు డాక్టరు వచ్చి "దీనికేమైంది?" అన్నాడు. అందరూ నా మొహం చూశారు. "నీళ్ళ గదిలో జారిపడింది సార్" అన్నాను. మేం ఎప్పుడూ చెప్పేది అదే. చేతికి దెబ్బ తగిలితే జారిపడింది. చెవి పగిలితే తలుపు తగిలింది. డాక్టరు తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ మాట నా నోట్లోంచి ఊడిపడ్డాక నాకు నీ అక్షరాలు కనిపించాయి, వంకర అక్షరాలు. రోజూ ఆడవాళ్ళ నోట విని, ఒక్కసారి కూడా నమ్మని మాటలు అవి. నువ్వు రాస్తే ఎందుకు నమ్మాను? వాడు నా అన్నయ్య కాబట్టి నమ్మాను.

నాకు నిజం రాయి. వాడు నిన్ను కొడుతున్నాడా?

నీ ఆడపడుచు

*

ఇల్లు,
వెనక వరండా.

జైలమ్మా,

కొడుతున్నాడు.

మొదట గోడని కొట్టేవాడు. ఒకరోజు నేను గోడకీ ఆయనకీ మధ్య ఉన్నాను. ఆ తర్వాత గోడ అవసరం లేకపోయింది. నేను మజ్జిగ గ్లాసు పెట్టిన చోట దొరక్కపోతే కొడతాడు. దొరికితే, గుడ్డివాడికి పెట్టినట్టు చేతికందేలా పెట్టావా అని కొడతాడు. కొట్టాక నా కాళ్ళు పట్టుకుని ఏడుస్తాడు, అది ఇంకా భరించలేను.

శబ్దం ఎటు వస్తే అటు కొడతాడు. అందుకని చప్పుడు లేకుండా నడవడం నేర్చుకున్నాను. చెప్పులు మానేశాను, గాజులు తీసేశాను. గిన్నెలు గుడ్డ మీద పెడతాను. ఆయనకి మిగిలిన చూపు ఎంత మేరో, ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. దాని అంచుకి అవతల నిలబడి ఊపిరి బిగబడతాను. ఏ మిషనూ నా అంత కచ్చితంగా ఆయన కన్ను కొలవలేదు.

నీకు ఎందుకు చెప్పలేదంటావా? చెబితే నువ్వు వస్తావు, వస్తే కొడతావు. నీ చేతిలో ఎంత బలం ఉందో నాకు తెలుసు. పైగా ఆయన చెడ్డవాడు కాదని నాకు నేనే రోజూ చెప్పుకోవాలి, నువ్వొస్తే చెప్పుకోలేను. ఇదివరకు బస్సు డిపో నుంచి వస్తూ నా కోసం కిటికీ పక్క సీట్లో మల్లెపూలు పెట్టుకుని తెచ్చిన మనిషి ఈయనే. ఆ మనిషిని జబ్బు తినేసింది. అలా అనుకుంటే నాకు నిద్ర పడుతుంది.

నువ్వు రావద్దు. నీకు పైనుంచి వచ్చింది కనిపించలేదని రాశావు. జబ్బు తరచూ ఆ మూలనే మొదలవుతుంది. నా సంగతి వదిలెయ్యి. నువ్వు మాత్రం మందు వేసుకో. ఇంకో మనిషి మీ అన్నయ్యలా అయిపోతుంటే చూసే ఓపిక నాకు లేదు.

మీ వదిన

*

నీ వంటగది,
పొయ్యి పక్క గట్టు.

వదినా,

రావద్దన్నావు, వచ్చాను. నువ్వు డ్యూటీలో ఉంటావనే ఈ వేళకి వచ్చాను. ఈ కాగితం ఎగిరిపోకుండా చెంబు పెట్టాను. నేల మీద రక్తం చూసి హడలిపోకు, అది నాదే.

చెప్పులు బయట విడిచి లోపలికి నడిచాను. మా ఉద్యోగం నడక తెలుసుగా, పిల్లికి కూడా వినపడదు. వంటగది గుమ్మం దగ్గర వాడు నిలబడి ఉన్నాడు. గచ్చు మీద నా పాదం ఏదో చిన్న చప్పుడు చేసింది. వాడు కర్ర ఎత్తాడు. మీ ఆసుపత్రి వాళ్ళు దారి తడుముకోమని ఇచ్చిన తెల్లకర్ర.

నాకు కనిపించలేదు వదినా. వాడి మొహం కనిపించింది, తప్పు కాజాల్లో పెట్టుకున్న చొక్కా గుండీలు కనిపించాయి. చెయ్యి ఎక్కడుందో కనిపించలేదు. కనుబొమ మీద పడ్డాక తెలిసింది. వాడికి పక్కనున్న నేను లేను, నాకు పైనున్న కర్ర లేదు. ఒకే తల్లి ఇచ్చిన కళ్ళు పెట్టుకుని ఇద్దరం ఆ ఇరుకు గదిలో చీకట్లో కొట్టుకున్నట్టు కొట్టుకున్నాం. రెండో దెబ్బ భుజం కట్టు మీద పడింది. నొప్పికి కళ్ళు తిరిగాయి. కాలు మెలిపెట్టి వాణ్ణి బోర్లా పడేసి, వీపు మీద మోకాలు పెట్టాను.

"అన్నయ్యా, నేను" అన్నాను.

వాడు గిలగిల కొట్టుకోవడం ఆపేశాడు. "చెల్లీ, నువ్వా? అయ్యో, మీ వదిన అనుకున్నానే!" అని ఏడ్చాడు.

అప్పటిదాకా ఆపడానికే పట్టుకున్నాను. ఆ మాట విన్నాక కొట్టాను. ఉన్న ఒక్క చేత్తో, వాడి నోటి మీద, ఆ మాట వచ్చిన చోటే కొట్టాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా ఆపలేదు. చిన్నప్పుడు నన్ను మెడ మీద ఎక్కించుకుని తిప్పిన వాడు, కళ్ళు లేనివాడు, అని తెలిసే కొట్టాను. నాకు సిగ్గుగా ఉంది. కొట్టకుండా వదిలినా సిగ్గుగానే ఉండేది.

జబ్బు తినేసిందని నువ్వు రాశావు. జబ్బు కళ్ళని తింటుంది వదినా, చెయ్యి ఎత్తించదు. నాకూ ఆ జబ్బే ఉంది. ఆ ఖైదీని తన్నించింది నా కళ్ళు కాదు, నేనే. ఇక్కడికి వచ్చేముందు జైలు డాక్టరు దగ్గరికి వెళ్ళి అది జారిపడలేదు, కొట్టించామని చెప్పాను. నా మీద విచారణ వేశారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో.

వాణ్ణి నాతో తీసుకెళ్తున్నాను. నా గదిలో పడుంటాడు, నేనంటే వాడికి భయం, అది మంచిదే. మిగిలిన ఆ కాస్త చూపుకి మందు నేనే వేస్తాను. నువ్వు తలుపు తాళం మార్పించు.

వచ్చే వారం నీ గిన్నె ముందు కూర్చుంటాను. మందు కొత్త సీసా కొన్నాను, మండుతోంది. కానీ ముందే చెప్తున్నాను, చూపు నిలబెట్టడం నాకు చేతకాదు. ఒక్కచోట చూస్తే వీపు మీద చీమలు పాకుతాయి. ఏం చేస్తావో నువ్వే చూసుకో.

నీ ఆడపడుచు

*

ఇల్లు,
ముందు గది.

జైలమ్మా,

పరీక్ష అయి నువ్వు బస్సెక్కిన తర్వాత డాక్టరమ్మ అన్నీ చూసి చెప్పింది. నీకు ఫోన్లో చెప్తే మధ్యలో అరుస్తావని మళ్ళీ కాగితమే.

నీటికాసులే. రెండు కళ్ళలోనూ పైభాగంలో కనుబొమ ఆకారంలో ఒక నల్లటి గీత. నరం ఫొటోలో కూడా దానికి సరిపోయే చోటే పలచబడింది. అక్కడ పోయింది పోయింది, నేను నీకు అబద్ధం చెప్పను. కానీ మీ అన్నయ్య కాగితంలో తెల్లచోటు వెతుక్కోవాలి, నీ కాగితంలో నల్లచోటు వెతుక్కోవాలి. అదీ తేడా. మందుతో ప్రెషర్ అప్పుడే పదిహేడుకి దిగింది. మందు మానకుండా, మేం పిలిచినప్పుడల్లా వచ్చి చూపించుకుంటే, ముసలిదానివై నన్ను తిట్టేటప్పుడు కూడా నా మొహం నీకు కనిపించాలన్నదే మా ప్రయత్నం.

మొదటిసారి కూర్చున్నప్పుడు నీ కళ్ళు గిన్నెలో ఎలుకల్లా పరిగెత్తాయి. పరీక్ష ఆపేశాను. రెండోసారీ అంతే. చీకటి గదిలో నీ వీపు చెమటతో తడిసి, మెడ కర్రలా బిగుసుకుపోయింది. జైలంతా హడలెత్తించే దానివి, భయపడుతున్నావని అప్పుడు తెలిసింది నాకు. అందుకే మిషన్ పక్కనుంచి లేచి వచ్చి నీ వెనక నిలబడ్డాను. నీ తల మీద చెయ్యి వేసి చెప్పాను, గుర్తుందా? "పక్కనుంచైనా, పైనుంచైనా ఎవరొచ్చినా నేను చూస్తాను. నువ్వు ఆ చుక్కనే చూడు." కాసేపటికి నీ మెడ వదులైంది. తెర మీద నీ కన్ను కదలకుండా నిలబడింది. నీ వెనక నిలబడి నేను ఏడ్చాను, నీకు తెలియదు.

మీ అన్నయ్య నన్ను అడుగుతున్నాడని వచ్చినప్పుడు చెప్పావు. నేను రానని చెప్పు. క్షమించానని చెప్పకు, అది నిజం కాదు. మందు వేయించుకుంటున్నాడా అని అడిగానని మాత్రం చెప్పు. ఆయన కళ్ళ మీద నాకు కోపం లేదు.

ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. గాజులు మళ్ళీ వేసుకున్నాను. చెప్పులు టపటపలాడిస్తూ నడుస్తుంటే కింద వాటా ఆవిడ పైకొచ్చి ఏంటా చప్పుడని తిట్టిపోయింది. నాకు నవ్వొచ్చింది. నిన్న తోమిన ఇత్తడి గిన్నె తడిచేతిలోంచి జారి గచ్చు మీద పడింది. నిజంగానే జారింది. ఇల్లంతా మోగుతూ దొర్లింది. నా అంతట నేనే గోడకి అతుక్కుని ఊపిరి బిగబట్టాను. ఎవరూ రాలేదు. అది దొర్లి దొర్లి ఆగేదాకా అక్కడే నిలబడి విన్నాను.

మీ వదిన